ఇంటి తాళం ఎవరి చేతికి?
బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ల గురించి ఒక పాఠం

నాన్నకు బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజు నుంచి మా ఇంట్లో అట్టపెట్టెల లెక్క మొదలవుతుంది. ఏది సర్దాలి, ఏది ఎవరికైనా ఇచ్చెయ్యాలి, ఏది లారీలో పగిలిపోతుంది అని రోజూ అదే చర్చ. విశాఖపట్నం నుంచి జామ్‌నగర్ వెళ్ళినప్పుడు గోడ గడియారం పగిలింది. జామ్‌నగర్ నుంచి జబల్‌పూర్ వచ్చినప్పుడు నా పుస్తకాల పెట్టె పది రోజులు ఆలస్యంగా చేరింది. ఏ పెట్టెలోనూ పెట్టకుండానే చెక్కుచెదరకుండా నాతో వచ్చింది మాత్రం ఒకటుంది. అది నా బ్రౌజర్. కొత్త ఊళ్ళో కంప్యూటర్ తెరిచి నా ఖాతాతో లోపలికి వెళ్ళగానే, గుర్తు పెట్టుకున్న పేజీలు, చేసుకున్న మార్పులు, చేర్చుకున్న ఎక్స్‌టెన్షన్లు అన్నీ వాటంతట అవే వచ్చేశాయి.

ఎప్పుడూ ఊళ్ళు మారే మనలాంటి పిల్లలకు ఇది పెద్ద సౌకర్యం. అయితే ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. మంచివి ఎలా వెంట వస్తాయో, తెలియక చేర్చుకున్న చెడ్డవి కూడా అలాగే వెంట వస్తాయి. నాకు ఈ సంగతి తొమ్మిదో తరగతిలో తెలిసింది. ఆ కథ తర్వాత చెబుతాను. ముందు అసలు ఎక్స్‌టెన్షన్ అంటే ఏమిటో చూద్దాం.

ఎక్స్‌టెన్షన్ అంటే ఏమిటి?

క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్ వంటి బ్రౌజర్లు అందరికీ ఒకేలా వస్తాయి. పేజీలు తెరవడం, గుర్తు పెట్టుకోవడం, ముద్రించడం వంటి పనులు అందరికీ కావాలి కాబట్టి అవి అందులోనే ఉంటాయి. కానీ ఒకరికి కావలసిన పని ఇంకొకరికి అక్కర్లేదు. పదాల అర్థాలు కావాలని ఒకరికి ఉంటుంది, ప్రకటనలు వద్దని మరొకరికి ఉంటుంది. అన్నీ బ్రౌజర్‌లోనే పెడితే అది బరువెక్కిపోతుంది. అందుకని ఎవరికి కావలసిన పనిని వాళ్ళు విడిగా చేర్చుకునే ఏర్పాటు చేశారు. అలా చేర్చుకునే చిన్న ప్రోగ్రామే ఎక్స్‌టెన్షన్. తెలుగులో దీన్ని పొడిగింత అని కూడా అంటారు.

2004లో ఫైర్‌ఫాక్స్ మొదటి పూర్తి వెర్షన్ వచ్చినప్పుడే ఈ సదుపాయం అందులో ఉంది. అప్పట్లో ఆ బ్రౌజర్‌ను చాలామంది ఇష్టపడడానికి అదొక కారణం. 2008లో వచ్చిన క్రోమ్‌లో మొదట ఇది లేదు, 2010 నాటికి చేరింది.

లోపల చూస్తే ఎక్స్‌టెన్షన్ కూడా మనం కంప్యూటర్ క్లాసులో నేర్చుకునే వాటితోనే తయారవుతుంది. హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ ఫైళ్ళు కొన్ని ఉంటాయి. వాటితో పాటు మ్యానిఫెస్ట్ అనే ఫైలు ఒకటి తప్పనిసరిగా ఉండాలి. ఎక్స్‌టెన్షన్ పేరు, వెర్షన్, దానికి ఏయే అనుమతులు కావాలి అన్నది ఆ ఫైలులో రాసి ఉంటుంది. ఈ అనుమతుల మాట గుర్తుంచుకోండి. ఈ పాఠంలో ముఖ్యమైనది అదే.

తెలుగు కోసం వచ్చిన ఒక ఎక్స్‌టెన్షన్

ఎక్స్‌టెన్షన్ ఎంత మేలు చేయగలదో చెప్పడానికి మన భాషలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. దాని పేరు పద్మ.

ఇప్పుడు మనం ఏ కంప్యూటర్‌లో, ఏ ఫోన్‌లో తెరిచినా తెలుగు పేజీ తెలుగులోనే కనిపిస్తుంది. 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో అలా ఉండేది కాదు. ఈనాడు, వార్త వంటి పత్రికలు తమ తమ సొంత ఫాంట్లు వాడేవి. ఆ ఫాంట్లలో ఇంగ్లిషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన సంఖ్యల స్థానంలో తెలుగు అక్షరాల ముక్కలు గీసి ఉండేవి. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. ఒక పత్రిక వాడిన స్థానాలు మరో పత్రికకు కుదిరేవి కావు. మీ కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేకపోతే వార్త బదులు అర్థంలేని గుర్తుల వరస కనిపించేది. అందులో ఒక మాట కోసం వెతికినా దొరికేది కాదు, ఎందుకంటే కంప్యూటర్ దృష్టిలో అది తెలుగే కాదు.

దీనికి పరిష్కారం యూనికోడ్. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు చోటు దొరికింది. తెలుగు కోసం అందులో 128 స్థానాలు కేటాయించారు. ఈ పద్ధతిలో అక్షరం ఆకారాన్ని కాక, అక్షరాన్నే నమోదు చేస్తారు. ఉదాహరణకు స్త్రీ అన్నది మనకు ఒక్క అక్షరంలా కనిపిస్తుంది. యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం అని ఆరు సంకేతాల వరస. ఆ ఆరింటిని కలిపి ఎలా గీయాలో ఫాంటు చూసుకుంటుంది. ఫాంటు మారినా అక్షరం మారదు.

పద్ధతి ఉన్నా పత్రికలన్నీ దానికి మారడానికి ఏళ్ళు పట్టింది. ఆ మధ్యకాలంలో వెన్న నాగార్జున గారు పద్మను తయారుచేశారు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలు కావడంలోనూ ఆయన పాత్ర ఉంది. ఏ పత్రిక ఫాంటులో ఏ సంఖ్యకు ఏ తెలుగు ముక్క ఉందో పద్మ దగ్గర పట్టిక ఉండేది. ఫైర్‌ఫాక్స్‌లో పద్మను చేర్చుకుంటే, పత్రిక పేజీ తెరవగానే అది ఆ ముక్కలను యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపేది. తెలుగు నేలకు దూరంగా ఉన్నవాళ్ళకు అది ఎంత పెద్ద సాయమో ఆలోచించండి. ఊరి వార్త కళ్ళ ముందే ఉన్నా చదవలేని పరిస్థితి నుంచి అది బయటపడేసింది.

ఇప్పుడు తెలుగు పత్రికలు యూనికోడ్‌లోనే వస్తున్నాయి కాబట్టి పద్మ అవసరం తీరిపోయింది. 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 నుంచి పాత పద్ధతిలో రాసిన ఎక్స్‌టెన్షన్లు పనిచేయడం కూడా ఆగిపోయింది. ఇందులో మనం గమనించవలసింది ఒకటుంది. మంచి ఎక్స్‌టెన్షన్ ఒక నిజమైన అవసరం కోసం వస్తుంది. అవసరం తీరాక దాన్ని పట్టుకుని ఉండాల్సిన పనిలేదు.

నాకు ఉపయోగపడుతున్నవి

ప్రస్తుతం నా బ్రౌజర్‌లో ఐదు ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి. ఒక్కోటి ఎందుకు ఉంచుకున్నానో చెబుతాను.

మొదటిది యూబ్లాక్ ఆరిజిన్. ఇది ప్రకటనలను, మనం ఏ పేజీలు చూస్తున్నామో వెంటాడి గమనించే ట్రాకర్లను అడ్డుకుంటుంది. 2014లో రేమండ్ హిల్ దీన్ని మొదలుపెట్టారు. ప్రోగ్రామ్ అంతా ఎవరైనా చదివి చూసుకునేలా బయట పెట్టారు. పనిచేసే తీరు తేలికగానే అర్థమవుతుంది. ఒక పేజీ తెరిచినప్పుడు బ్రౌజర్ దాన్ని ఒకే చోటు నుంచి తేదు. బొమ్మలు ఒక చోటు నుంచి, ప్రకటనలు ఇంకో చోటు నుంచి, లెక్కలు కట్టే ప్రోగ్రామ్‌లు మరో చోటు నుంచి వస్తాయి. యూబ్లాక్ ఆరిజిన్ దగ్గర ప్రకటనల చిరునామాల జాబితాలు ఉంటాయి. బ్రౌజర్ అడిగే ప్రతి చిరునామాను ఆ జాబితాలతో పోల్చి చూసి, అందులో ఉంటే అసలు తేనివ్వదు. తేనే తేదు కాబట్టి డేటా మిగులుతుంది, పేజీ త్వరగా తెరుచుకుంటుంది. మాలాగా నెలకింత డేటా అని లెక్క చూసుకునే ఇళ్ళలో ఇది చిన్న విషయం కాదు.

ఇక్కడ రెండు సంగతులు. క్రోమ్ తన ఎక్స్‌టెన్షన్ల నియమాలు మార్చడంతో అందులో ఇప్పుడు యూబ్లాక్ ఆరిజిన్ లైట్ అనే తేలిక రూపమే పనిచేస్తుంది. పూర్తి రూపం ఫైర్‌ఫాక్స్‌లో దొరుకుతుంది. రెండోది, యూబ్లాక్ అని మాత్రమే పేరున్నది వేరే వాళ్ళది. పేరు పక్కన ఆరిజిన్ ఉందో లేదో చూసుకోవాలి. ఇంకో మాట కూడా చెప్పాలి. ప్రకటనల మీద వచ్చే డబ్బుతోనే నడిచే మంచి సైట్లు కూడా ఉన్నాయి. అలాంటి సైటు మీకు నచ్చితే ఆ ఒక్కదానికి అడ్డు తీసేయవచ్చు, అందుకు అందులోనే మీట ఉంది. నేను పాఠాలు చదివే ఒక సైటుకు అలా తీసేశాను.

రెండోది గూగుల్ డిక్షనరీ. ఇంగ్లిషు పేజీలో తెలియని మాట మీద రెండుసార్లు నొక్కితే పక్కనే చిన్న పెట్టెలో అర్థం వస్తుంది. ఇంకో పేజీ తెరవనక్కర్లేదు, చదువుతున్న చోటు పోదు. అయితే ఒక జాగ్రత్త. అర్థం తేలికగా దొరికితే మాట తేలికగా మరిచిపోతాం. అందుకని నేను వెతికిన ప్రతి మాటనూ ఒక నోటుపుస్తకంలో రాసుకుంటాను. ఆదివారం ఒకసారి తిరగేస్తాను.

మూడోది గూగుల్ ట్రాన్స్‌లేట్. జామ్‌నగర్‌లో ఉన్నప్పుడు అమ్మకు గుజరాతీ చదవడం వచ్చేది కాదు. నీళ్ళ పన్ను, సిటీ బస్సుల సమయాలు వంటివి గుజరాతీలో ఉంటే నేను ఆ భాగాన్ని ఎంచుకుని తెలుగులోకి మార్చి చూపేవాణ్ణి. పని జరిగేది. కానీ యంత్రం చేసే అనువాదం తప్పులు చేస్తుంది. ముఖ్యంగా పేర్లు, షరతులు, కాదు అనే మాట వచ్చే పొడవైన వాక్యాల దగ్గర జాగ్రత్తగా ఉండాలి. తేదీ, డబ్బు, సంతకం ఉన్న ఏ కాగితాన్నైనా ఆ భాష తెలిసిన పెద్దవాళ్ళకు ఒకసారి చూపించి తీరాలి. మా పక్కింటి ఆంటీ అలా చాలాసార్లు చదివిపెట్టారు. అమ్మకు ఆవిడతో స్నేహం కుదిరింది కూడా ఆ కాగితాల వల్లనే.

నాలుగోది లీచ్‌బ్లాక్. ఇది మన మీద మనమే పెట్టుకునే కాపలా. ఏ సైట్లు, ఏ రోజుల్లో, ఏ సమయాల్లో తెరుచుకోకూడదో మనమే రాసి పెడతాం. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు నా బ్రౌజర్‌లో వీడియోల సైటు తెరుచుకోదు. కావాలంటే గంటకు ఇన్ని నిమిషాలే అని కూడా పెట్టుకోవచ్చు. తీసేయడం కష్టమేమీ కాదు. కానీ తీసేయడానికి పట్టే ఆ అర నిమిషంలోనే, నేనేం చేస్తున్నానో నాకు గుర్తొస్తుంది. నాకు అది చాలు.

ఐదోది వేబ్యాక్ మెషిన్. 1996లో మొదలైన ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే లాభాపేక్ష లేని సంస్థ వెబ్ పేజీల పాత ప్రతులను దాచిపెడుతోంది. వాళ్ళ ఎక్స్‌టెన్షన్ ఉంటే, పేజీ దొరకలేదు అన్న జవాబు వచ్చినప్పుడు పాత ప్రతి ఉందేమో వెతికి చూపిస్తుంది. మనం చూస్తున్న పేజీని అప్పటికప్పుడు దాచిపెట్టమని అడగవచ్చు. ప్రాజెక్టు పనిలో ఇది నాకు ఎన్నోసార్లు పనికొచ్చింది. సెప్టెంబరులో చూసిన పేజీ ఫిబ్రవరికి మాయమైనా దాని ప్రతి దొరుకుతుంది. అలా దాచిన పేజీ అందరికీ కనిపిస్తుంది కాబట్టి మన సొంత వివరాలున్న పేజీలను మాత్రం దాచకూడదు.

ఎక్స్‌టెన్షన్ అక్కర్లేని పనులు

కొన్ని పనులకు ఎక్స్‌టెన్షన్ కోసం వెతకడమే అనవసరం. బ్రౌజర్‌లోనో, ఆ సైటులోనో ఆ సదుపాయం ముందే ఉంటుంది.

మా చెల్లి తెలుగు చక్కగా మాట్లాడుతుంది. కానీ ఏ బడిలోనూ తెలుగు పాఠం లేకపోవడంతో చదవడం సరిగా రాదు. ఇది చదువుతున్న మీలో చాలామంది ఇళ్ళలో ఇదే కథ ఉంటుందని నాకు తెలుసు. దానికోసం తెలుగు చదివి వినిపించే ఎక్స్‌టెన్షన్ ఏదైనా ఉందా అని వెతికాను. తీరా చూస్తే ఎడ్జ్ బ్రౌజర్‌లోనే పేజీని పైకి చదివే సదుపాయం ఉంది. అందులో మోహన్, శ్రుతి అనే రెండు తెలుగు గొంతులు కూడా ఉన్నాయి. చదువుతున్న మాటను రంగు వేసి చూపిస్తుంది. చెల్లి ఆ రంగు వెంట కళ్ళు నడిపిస్తూ వింటుంది. మొదట్లో కథ వినడానికే కూర్చునేది. మూడు నెలలయ్యాక ఒకరోజు గొంతు ఆపేసి తనే చదవడం మొదలుపెట్టింది. ఒత్తుల దగ్గర ఆగుతుంది, అయినా చదువుతుంది.

తెలుగు టైపు చేయడానికీ అంతే. తెలుగు వికీపీడియాలో రాసే పెట్టె మీద నొక్కితే కీబోర్డు బొమ్మ కనిపిస్తుంది. అందులో లిప్యంతరీకరణ ఎంచుకుంటే ఇంగ్లిషు అక్షరాలతో కొట్టినది తెలుగులో పడుతుంది. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి అలవాటున్నవాళ్ళు అదీ ఎంచుకోవచ్చు. లేఖిని అనే వెబ్ పేజీలో కూడా ఇలాగే తెలుగు రాసుకోవచ్చు. వీటికి ఏమీ చేర్చుకోనక్కర్లేదు. ప్రకటనలు, పక్క పెట్టెలు లేకుండా వ్యాసం ఒక్కటే చూపే రీడర్ వ్యూ కూడా ఫైర్‌ఫాక్స్‌లో ముందే ఉంది.

నేను చేసిన తప్పు

ఇక తొమ్మిదో తరగతి కథ. వీడియోలు ఉచితంగా దించుకోవచ్చని చెప్పిన ఒక ఎక్స్‌టెన్షన్‌ను ఒక మిత్రుడు చూపించాడు. నేను చేర్చుకున్నాను. అనుమతుల పెట్టె ఒకటి వచ్చింది. చదవకుండానే సరే అన్నాను.

వారం తర్వాత నేను ఏది వెతికినా తెలియని ఒక పేజీకి వెళ్ళడం మొదలైంది. ఎక్కడ నొక్కినా కొత్త కిటికీలు తెరుచుకునేవి. కంప్యూటర్ పాతబడిందనుకున్నాం. అంతలో నాన్నకు జబల్‌పూర్ బదిలీ అయింది. అక్కడ వేరే కంప్యూటర్ కొన్నారు. నా ఖాతాతో లోపలికి వెళ్ళాను. రెండో రోజుకే కొత్త కంప్యూటర్‌లోనూ అదే పేజీ వచ్చింది. అప్పుడు అర్థమైంది, తప్పు కంప్యూటర్‌ది కాదని. అన్నీ వెంట వచ్చాయని నేను మురిసిపోయానే, వాటితో పాటు ఇదీ వచ్చింది.

దాన్ని ఎలా పట్టుకున్నానో చెబుతాను, మీకు పనికొస్తుంది. ముందు ఇన్‌కాగ్నిటో కిటికీ తెరిచి వెతికాను. మనం విడిగా అనుమతిస్తే తప్ప ఎక్స్‌టెన్షన్లు ఆ కిటికీలో పనిచేయవు. అక్కడ ఇబ్బంది లేదు. అంటే దోషం ఏదో ఒక ఎక్స్‌టెన్షన్‌ది. అప్పటికి నా దగ్గర 14 ఉన్నాయి. అన్నింటినీ ఆపేశాను. తర్వాత ఒక్కోటి మళ్ళీ నడిపిస్తూ, ప్రతిసారీ వెతికి చూశాను. తొమ్మిదోది నడిపించగానే ఆ తెలియని పేజీ వచ్చింది. అదే వీడియోల ఎక్స్‌టెన్షన్. తీసేశాను, ఇబ్బంది పోయింది.

ఆ సంగతి గొప్పగా అమ్మకు చెప్పాను. అమ్మ మెచ్చుకుంటుందనుకున్నాను. అమ్మ మొహం మారిపోయింది. "ఆ కంప్యూటర్‌లోనే కదరా నేను బ్యాంకు పని చూసుకునేది" అంది. నేను అంతవరకూ ఆలోచించలేదు. ఆ ఎక్స్‌టెన్షన్‌కు నేనిచ్చిన అనుమతి ఏమిటో అప్పుడు చదివాను. అన్ని వెబ్‌సైట్లలోని సమాచారాన్ని చదవడానికి, మార్చడానికి అని ఉంది. అన్ని అంటే అన్నీ. అమ్మ అదే బ్రౌజర్‌లో తెరిచిన బ్యాంకు పేజీ కూడా అందులోకే వస్తుంది.

ఆ సాయంత్రం అమ్మ, నాన్న, నేను కూర్చుని అన్ని పాస్‌వర్డ్‌లూ మార్చాం. డబ్బేమీ పోలేదు. కానీ అమ్మ అన్న మాట గుర్తుండిపోయింది. "సెలవులకు ఊరెళ్ళేటప్పుడు క్వార్టర్ తాళం ఎవరికిచ్చి వెళ్తాం? తెలిసినవాళ్ళకే కదా. నువ్వు దారిన పోయేవాడికి ఇచ్చావు."

మంచిదే చెడిపోతే?

తెలిసినవాళ్ళకే తాళం ఇస్తే సరిపోతుందా? అది కూడా ఎప్పుడూ చాలదు. ది గ్రేట్ సస్పెండర్ కథ చూడండి. వాడకుండా తెరిచి ఉంచిన ట్యాబులను నిద్రపుచ్చి కంప్యూటర్ మెమరీని ఆదా చేసే మంచి ఎక్స్‌టెన్షన్ అది. ఏళ్ళ తరబడి బాగా పనిచేసింది. 20 లక్షల మందికి పైగా వాడేవారు. 2020లో దాన్ని తయారుచేసినవాళ్ళు వేరేవాళ్ళకు అమ్మేశారు. కొన్నవాళ్ళెవరో వాడేవాళ్ళకు తెలియదు. ఎక్స్‌టెన్షన్లు మనల్ని అడగకుండానే కొత్త వెర్షన్‌కు మారతాయి కాబట్టి, యజమాని మారిన సంగతి చాలామంది గమనించలేదు. 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని హానికరమైనదిగా గుర్తించి తన స్టోరు నుంచి తీసేసింది, వాడుతున్నవాళ్ళ బ్రౌజర్లలోనూ ఆపేసింది. అందులో నిద్రపుచ్చిన ట్యాబులు చాలామందికి ఒక్కసారిగా కనిపించకుండా పోయాయి.

ఇంట్లో అద్దెకున్నవాళ్ళు మారినా తాళం మాత్రం పాతదే ఉంటే ఎలా ఉంటుందో ఇదీ అలాంటిదే. అందుకే ఒకసారి చూసి చేర్చుకుంటే సరిపోదు, అప్పుడప్పుడు మళ్ళీ చూస్తూ ఉండాలి.

చేర్చుకునే ముందు ఐదు ప్రశ్నలు

1. ఇది నాకు నిజంగా కావాలా? బ్రౌజర్‌లోనే ఈ పని ఉందా? ఉంటే ఎక్స్‌టెన్షన్ అక్కర్లేదు.

2. ఎవరు తయారుచేశారు? పేరు, వాళ్ళ సొంత వెబ్ పేజీ, ప్రోగ్రామ్ బయట పెట్టారా లేదా చూడాలి. పోలిన పేర్లతో నకళ్ళు ఉంటాయి.

3. ఎక్కడి నుంచి తీసుకుంటున్నాను? బ్రౌజర్ వాళ్ళ అధికారిక స్టోరు నుంచే తీసుకోవాలి. స్టోరులో ఉన్నంత మాత్రాన మంచిదని కాదు, కానీ బయట దొరికేదాని కంటే మేలు.

4. అడిగే అనుమతి చేసే పనికి తగ్గట్టు ఉందా? ప్రకటనలు ఆపేది ప్రతి పేజీనీ చూడక తప్పదు. కానీ ఒక లెక్కల యంత్రమో, గడియారమో అన్ని పేజీలూ చదువుతానంటే అనుమానించాలి.

5. ఇంట్లో పెద్దవాళ్ళకు చెప్పానా? కంప్యూటర్ అందరిదీ అయినప్పుడు నిర్ణయం ఒక్కరిది కాకూడదు.

మీరే చేసి చూడండి

ఈ ఆదివారం ఇంట్లోవాళ్ళతో కూర్చుని ఈ పని చేయండి. అరగంట కూడా పట్టదు.

క్రోమ్‌లో పైన కుడివైపు జిగ్‌సా ముక్క బొమ్మ నొక్కి ఎక్స్‌టెన్షన్ల నిర్వహణ పేజీకి వెళ్ళండి. ఫైర్‌ఫాక్స్‌లో అయితే కంట్రోల్, షిఫ్ట్, ఏ మీటలు కలిపి నొక్కండి. అక్కడ కనిపించే ప్రతి పేరునూ ఒక కాగితం మీద రాయండి. పక్కన మూడు గళ్ళు గీయండి. ఏం పని చేస్తుంది, చివరిసారి ఎప్పుడు వాడాను, ఏ అనుమతి ఇచ్చాను. మొదటి గడి నింపలేకపోయినదాన్ని వెంటనే తీసేయండి. రెండో గడిలో నెల దాటినదాన్ని ఆపేయండి. మిగిలినవాటిలో అన్ని సైట్ల అనుమతి అక్కర్లేనివి ఉంటే, క్రోమ్‌లో ఆ ఎక్స్‌టెన్షన్ వివరాల్లోకి వెళ్ళి నొక్కినప్పుడు మాత్రమే పనిచేసేలా మార్చండి.

ఫోన్ మాత్రమే ఉన్నవాళ్ళు కూడా ఈ పని చేయవచ్చు. ఆండ్రాయిడ్‌లో ఫైర్‌ఫాక్స్ 2023 డిసెంబరు నుంచి చాలా ఎక్స్‌టెన్షన్లను అనుమతిస్తోంది.

బడి ల్యాబులోని కంప్యూటర్లలో మాత్రం మాస్టారిని అడగకుండా ఏదీ చేర్చకండి. అక్కడ మీ ఖాతాతో లోపలికి వెళితే, బయటికి రావడం మరిచిపోకండి. నాన్నగారి ఆఫీసు కంప్యూటర్ విషయంలోనూ అంతే. బదిలీ మీద ఊరు వదిలేటప్పుడు క్వార్టర్ తాళం అప్పగించినట్టే, మీరు వాడిన ప్రతి కంప్యూటర్ నుంచీ మీ ఖాతాను తీసేసి రావాలి.

మేము మళ్ళీ ఎప్పుడు కదులుతామో నాకు తెలియదు. వచ్చే వేసవి కావచ్చు. ఈసారి పెట్టెలు సర్దే ముందు రోజు నా బ్రౌజర్ కూడా సర్దుకుంటాను. 14 ఉన్నచోట ఐదు మిగిలాయి. ఆ ఐదూ ఏం చేస్తాయో, నేను వాటికి ఏ గది తాళం ఇచ్చానో ఇప్పుడు అమ్మ అడిగినా చెప్పగలను.